ఒక ఈతకొలను ఉన్నదనుకొనుము

హామిల్టన్‌లో ఆదివారం పొద్దున, శాంత ఆంటీ వంటిల్లు. బల్ల దగ్గర మహీధర్ కూర్చున్నాడు. అతని ముందు ఫోను బోర్లించి ఉంది; అందులో తెరవని మెయిలొకటుంది, అతని ప్రాణమంతా ఆ మెయిల్లోనే ఉంది. ఎదురుగా కావ్యశ్రీ, ఫ్రాన్స్‌లో ఐదేళ్ళు ఫిజిక్సూ ఆస్ట్రోఫిజిక్సూ చదివొచ్చి, ఇక్కడ పీహెచ్‌డీ చేస్తూ ఆంటీ బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న అమ్మాయి. నాలుగు నెలలుగా అతనికి ఫ్రెంచి పాఠాలు చెబుతున్నది ఈమే. పొయ్యి దగ్గర పెసరట్లు వేస్తున్న ఆంటీని వేరే పరిచయం చెయ్యక్కర్లేదు, ఆవిడే చేసుకుంటుంది.

"తెరువు మహీ."

"తెరవ."

"గంట నుంచి ఆ ఫోన్ని బోర్లించి కూర్చున్నావు. అలా ఉంచితే మార్కులు పెరుగుతాయా?"

"పెరగవు. కానీ తెరిస్తే నేను వేరే మనిషినైపోత. ఇప్పుడైతే పీఆర్ వచ్చినా రావచ్చు. ఇంకో పెసరట్టు తినేదాక ఇట్లనే ఉండనియ్యి."

"ఇది నాలుగోది నాయనా. నేనేం లెక్కపెట్టట్లేదులే. అల్లం పచ్చడి వెయ్యనా?"

"వెయ్యండి ఆంటీ."

"వెయ్యకండి ఆంటీ. మీరు పెట్టినంతసేపూ ఇతను తింటూనే ఉంటాడు, తెరవడు."

"తిండి దగ్గర ఆజ్ఞలేవిటమ్మా కావ్యా? నువ్వు తినవు, తినేవాణ్ణి తిననివ్వవు. పొద్దుట్నుంచీ ఆ టీ అలాగే ముందు పెట్టుకు కూర్చున్నావు, మీగడ కట్టేసింది. ఇంతకీ ఎంత రావాలిట ఈ అబ్బాయికి?"

"ఎన్నిసార్లు చెప్పాను ఆంటీ! మహీ వర్క్ పర్మిట్ అక్టోబరుకి అయిపోతుంది. ఇక్కడే శాశ్వతంగా ఉండిపోడానికి పీఆర్ కావాలి, దానికి పాయింట్లు చాలట్లేదు. ఈ దేశానికి ఫ్రెంచీ అధికార భాషే కదా, ఆ పరీక్ష గట్టెక్కితే పాయింట్లు కలుస్తాయి. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం. నాలుగింటిలోనూ ఏడు రావాలి."

"ఒకదాంట్లో ఆరొచ్చి, ఇంకోదాంట్లో ఎనిమిదొస్తే? సర్దుకోరా?"

"సర్దుకోరు."

"మరి రాకపోతే?"

"రాకపోతే ఇంకేముంది ఆంటీ, సామాను సర్దుకోవాలె. మీ ప్రెషర్ కుక్కర్ మీకిచ్చేస్త."

"నోర్ముయ్. పొద్దున్నే ఏవిటా మాటలు? కుక్కరు నీ దగ్గరే ఉంచుకో. అవునూ, కావ్యా, నీ పీఆర్‌కని నువ్వూ ఇతనితోపాటే రాశావుగా పరీక్ష? నీకూ వచ్చి ఉండాలే రిజల్టు."

"వచ్చింది ఆంటీ."

"చూసుకున్నావా?"

"ఆఁ."

"మరి చెప్పవేం?"

"ముందు ఇతనిది చూద్దాం. ఆంటీ, అట్టు మాడుతోంది."

"మాడట్లేదు, ఎర్రగా కాలుస్తున్నాను. అయినా నీదేవుందిలే, ఐదేళ్ళు ఆ దేశంలో, ఆ భాషలో చదివినదానివి. నీకు వాళ్ళు పరీక్ష పెట్టడమేవిటి, నువ్వే వాళ్ళకి పెట్టాలి. ఏజాక్స్‌లో మా ఆడపడుచు రత్నకుమారితో అదే చెప్పాను. వాళ్ళ కోడలు వచ్చే వారం నుంచి నీ దగ్గర ఫ్రెంచికి చేరుతుందిట."

"ఆంటీ! నన్నడక్కుండా ఎందుకు చెప్పారు?"

"అడిగితే వద్దంటావుగా."

"ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. తెరిచే ముందు నేనొక మాట చెప్పాలె. కావ్యా, ఆ రోజు కార్ల నువ్వు 'స్పీకింగ్ ఎట్లయ్యింది' అని అడిగినవ్ కద?"

"అడిగాను. 'మంచిగైంది' అన్నావు. ఆ తర్వాత హామిల్టన్ వచ్చేదాకా కిటికీలోంచి లారీలు చూశావు."

"అయ్యింది అన్నది నిజం. మంచిగ అన్నది... నేను కలిపిన."

"అంటే?"

"నువ్వు తిట్టొద్దు."

"తిట్టను."

"ఒట్టు?"

"మహీ!"

"ఇగో, అప్పుడే తిడుతున్నవ్."

"అది తిట్టు కాదు నాయనా, నీ పేరు. చెప్పు, నేనున్నాగా."

"ఆ పరీక్షల నేను ఈమె నేర్పిందే మాట్లాడిన ఆంటీ."

"మంచిదేగా! దానికింత బిల్డప్పేవిటి?"

"ఈమె నాకేం నేర్పిందో మీకు తెల్వదు."

"ఫ్రెంచి."

"ఫ్రెంచే. కానీ ఈమె ఫ్రెంచిల బస్సుండదు, జ్వరముండదు, అద్దె ఉండదు. ఘర్షణ ఉంటది. గురుత్వాకర్షణ ఉంటది. నక్షత్రం ఎట్ల పుడ్తది, ఎట్ల చస్తది, చచ్చినంక ఎంత చిన్నగైతది, అడగండి, గుక్క తిప్పుకోకుండ చెప్త. బ్రెడ్డెంత అని మాత్రం అడగరాదు నాకు."

"భాషంటే వాక్యం మహీ. వాక్యం కట్టడం వస్తే అందులో నక్షత్రం పెట్టినా ఒకటే, బ్రెడ్డు పెట్టినా ఒకటే."

"పెట్టాలంటే బ్రెడ్డు తెల్వాలె కద! అడిగితే ఏమన్నవ్? 'అది సిలబస్‌లో లేదు' అన్నవ్."

"లేదు కాబట్టే అన్నాను."

"నాకూ అనుమానంగానే ఉండేదమ్మా. కింద నుంచి ఒకటే అరుపులు, 'తాబ్లో! తాబ్లో!' అని. మొదటి రోజు మీ అంకుల్ స్మోక్ అలారం మోగుతోందనుకుని, స్టూలెక్కి బ్యాటరీ పీకేశారు."

"తాబ్లో అంటే బోర్డు ఆంటీ. 'బోర్డు దగ్గరకి' అని పిలిచేదాన్ని."

"ఏ బోర్డు? మా అబ్బాయి తనీష్ చిన్నప్పటిదా? అంచున ఏనుగులూ, జిరాఫీలూ ఉంటాయి, అదా?"

"అదే. నన్ను ఆ జిరాఫీ పక్కన నిలబెట్టి గంటలు గంటలు అడిగేది ఆంటీ."

"అక్కడ చదువంతే మరి. పెద్ద హాల్లో ప్రొఫెసర్ రెండు గంటలు మనవైపు తిరక్కుండా చెప్పుకుపోతాడు, మూడొందల మందిమి రాసుకుపోతాం. తర్వాత చిన్న గదిలో లెక్కలిస్తారు. పేరు పిలిస్తే బోర్డు దగ్గరకెళ్ళాలి. ముందు ఏవేవి ఉన్నాయనుకుంటున్నామో చెప్పాలి, ఏవి లెక్కలోకి తీసుకోవట్లేదో చెప్పాలి, అప్పుడు సుద్దముక్క కదపాలి. జవాబు తప్పైనా ఫర్లేదు, ఎలా వచ్చిందో చెప్పకపోతే సున్నా. నాకెలా నేర్పారో అలాగే నేర్పాను."

"మార్కులు గూడ అట్లనే. ఇరవైకి ఏడు, ఇరవైకి తొమ్మిది. ఒక్కసారి పదమూడేసింది. ఆ రోజు కేకు తెచ్చిన నేను."

"ఆ కేకు దానికా! నీ పుట్టినరోజనుకుని నేను అక్షింతలేశానే!"

"నేను గూడ ఎందుకేస్తున్నరని అడగలే ఆంటీ. మంచిగనే అనిపించింది."

"అక్కడ పదమూడంటే మంచి మార్కే. ఇరవై ఎవరికీ వెయ్యరు."

"ఎందుకు వెయ్యరు, వాళ్ళ బాబు సొమ్మేం పోయింది? తనీష్‌కి ఇరవైకి పంతొమ్మిదొస్తే ఆ ఒక్కటీ ఎక్కడ పారేసుకున్నావురా అని అడిగేదాన్ని. సరే అబ్బాయ్, పరీక్షలో ఏం చేశావో అది చెప్పు."

"రెండు భాగాలుంటయ్ ఆంటీ. మొదటి దాంట్ల ఒక ప్రకటన చేతికిస్తరు. ఫోన్ చేసినట్టు నటించి వివరాలడగాలె. నాకేమో ఈత క్లాసులది వచ్చింది. ఎదురుంగ ఒక పెద్దామె, పరీక్ష పెట్టేది ఆమెనే. ఆమె ఈతకొలను మేనేజర్ అనుకోవాలె."

"సులువేగా మహీ. ఎక్కడుంది, ఎన్ని గంటలకి, ఫీజెంత."

"'ఎన్ని గంటలకి' నువ్వు నాకు నేర్పినవా?"

"కాలం నేర్పాను కదా."

"కాలం నేర్పినవ్. చిన్న 'టీ' అక్షరం."

"సరే, సరే. ఏమన్నావు?"

"హలో అన్న."

"గుడ్."

"ఆమె గూడ హలో అన్నది."

"తర్వాత?"

"తర్వాత... 'ఒక ఈతకొలను ఉన్నదనుకొనుము' అన్న."

"ఏమన్నావూ?"

"'ఒక ఈతకొలను ఉన్నదనుకొనుము. దాని పొడవు ఎల్ అనుకొనుము. లోతు హెచ్ అనుకొనుము. అందు నీరు కలదు.'"

"అందు నీరు కలదా! ఫోన్ చేసి ఈ మాటా చెప్పేది?"

"ఫ్రెంచిల అన్న ఆంటీ, మీకోసం తెలుగు చేసి చెప్తున్న."

"ఆవిడేమంది?"

"'అవునండీ, ఉంది' అన్నది."

"అయ్యో రామా."

"నాకు ధైర్యం వచ్చింది. 'నీటి సాంద్రతను స్థిరముగా భావించవచ్చునా?' అని అడిగిన."

"మహీ, ఈత క్లాసులో చేరేవాడు సాంద్రత ఎందుకడుగుతాడు?"

"నాకు అదే వచ్చు కావ్యా! ఆమెకేమో అనుమానం రాలే. 'కంగారు పడకండి, మా దగ్గర నీళ్ళు శుభ్రంగనే ఉంటయ్' అన్నది."

"పాపం మంచావిడ. తర్వాత?"

"'ఒక మనిషి ఉన్నాడనుకొనుము. అతని ద్రవ్యరాశి డెబ్బై రెండు కిలోలు. అతనికి ఈత రాదు. అతడు నీటిలో తేలునా?'"

"తేలునా అని మేనేజర్నే అడిగావా?"

"'మొదటి వారం తేలడు, నెల తిరిగేసరికి తేల్తడు' అన్నది. మస్తు ఓపిక ఆమెకి."

"పోనీ ఏం తెచ్చుకోవాలో అడిగావా? టవలూ, బట్టలూ?"

"అడిగిన ఆంటీ. 'ఘర్షణను ఉపేక్షించవచ్చునా?' అన్న."

"దానికేమంది?"

"'టోపీ పెట్టుకుంటే చాలు' అన్నది."

"ఫీజు? మహీ, కనీసం ఫీజు అడిగావా లేదా?"

"అడగకుండ ఉంటనా? 'రుసుము కాలమునకు ప్రమేయమా?' అని అడిగిన."

"ప్రమేయమంటే ఏవిటర్రా?"

"ఫంక్షన్ ఆంటీ. అంటే... ఫీజు టైముని బట్టి మారుతుందా అని అడిగాడు."

"ఓరి నీ! అసలు అడగాల్సింది అదేగా! మీ అంకుల్ జిమ్ములో చేరినప్పుడు ఆ ఒక్కటే అడగలేదు. మూడు నెలలు పోయాక డబలు చేసి కూర్చున్నారు. ఎవరు చెప్పారు నీకు తెలివితేటలు లేవని?"

"ఎవరూ చెప్పలేదు ఆంటీ."

"మరీ మంచిది."

"మహీ, ఒక్కటి చెప్పు. ఫ్రెంచిలో ప్రతి లెక్కా 'స్వా'తో మొదలవుతుందని నేర్పాను. దాన్ని నీకు ఇంగ్లిషులో 'లెట్' అని చెప్పాను. ఈ 'ఉన్నదనుకొనుము', 'ఉపేక్షించవచ్చునా' ఎక్కడివి?"

"నేను పది దాక తెలుగు మీడియం కద."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఏం చెప్పాలె? ఆఫీసుల చెప్తే నవ్వుతరు. మా పాండురంగ సారు ఫిజిక్సు చెప్తుంటే కథలెక్క ఉండేది. కాలేజీల చేరినంక అదే ఫిజిక్సు ఇంగ్లిషుల చెప్తే ఒక్క ముక్క ఎక్కలే. ఫస్టియర్‌ల తప్పిన. ఫిజిక్సంటేనే భయం పట్టుకున్నది. నువ్వు ఆ జిరాఫీ పక్కన నిలబడి 'స్వా' అనంగనే మా సారు మళ్ళొచ్చినట్టనిపించింది. ఆ ఫ్రెంచోళ్ళూ మనలెక్కనే ఆంటీ. దేన్నైనా ముందు 'అనుకొనుము' అంటరు, తర్వాత 'కావున' అంటరు. నిజం చెప్తున్న, ఈ నాలుగు నెలలు నాకు మస్తు హాయిగున్నది."

"ఆ పిల్లేమో ఏడూ తొమ్మిదీ వేస్తుంటే నీకు హాయిగా ఉందా?"

"ఉన్నది ఆంటీ. కావ్యా, నువ్వైతే ఏమడిగేదానివి?"

"నేనా?"

"ఆఁ. ఈతకొలనుకి ఫోన్ చేసి."

"నేను ఫోన్ చెయ్యను. వెబ్‌సైట్లో చూసుకుంటాను."

"మరి అక్కడ బ్రెడ్డెట్ల కొనేదానివి?"

"అద్దాల వెనకాల పేర్చి ఉంటుంది. వేలు చూపిస్తే ఇస్తారు."

"స్నేహితులతో ఏం మాట్లాడుకునేవాళ్ళమ్మా?"

"ప్రాక్టికల్స్ ఇద్దరిద్దరం చెయ్యాలి ఆంటీ. నా జంట లుసీ అని, చాలా మంచి పిల్ల."

"ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

"వోల్టేజీ."

"వోల్టేజీ కాకుండా?"

"కరెంటు. మహీ, రెండో భాగం చెప్పు."

"రెండో దాంట్ల ఆ పెద్దామె నా దోస్తు. ఒంటరిగ ఉంటది. ఊళ్ళె అందరూ కలిసి పాటలు పాడుకునే బృందమున్నది, అండ్ల చేరమని ఒప్పించాలె. ఆమె ఒప్పుకోదు. ఏం చెప్పినా అడ్డం పడ్తది, అదే ఆమె పని."

"ఒక స్నేహితురాలు ఉన్నదనుకొనుము!"

"ఆంటీ, మీక్కూడా ఫ్రెంచి వచ్చేసింది."

"రాదా మరి, నాలుగు నెలలు విన్నాను. తర్వాత?"

"'నా గొంతు బాగుండదు' అన్నది ఆమె. నేను అనునాదం చెప్పిన. 'ఒక వస్తువు కంపించుచుండగా, దాని పక్కనున్న వస్తువు కూడా తనంత తాను కంపించును. కావున నువ్వు పాడనక్కర్లేదు, పక్కన నిలబడితే చాలు.'"

"ఎంత బాగా చెప్పావు నాయనా! గుళ్ళో మా భజన బృందంలో సరోజనకి ఈ మాట చెప్పాలి. కాదులే, చెప్పకూడదు. ఆవిడ నిజంగానే వచ్చి నిలబడుతుంది."

"'నాకు తీరిక లేదు, పని ఎక్కువ' అన్నది."

"దానికేమన్నావు?"

"'నువ్వు పొద్దంతా కుర్చీల కూర్చుంటవు. స్థానభ్రంశము సున్నా. కావున నువ్వు చేసిన పని సున్నా' అన్న."

"మహీ! పరీక్ష పెట్టేవాళ్ళతోనా!"

"నవ్విందే! మస్తు నవ్వింది. కానీ వెంటనే మొహం మార్చి, 'నేను ఒంటరిగానే బాగున్నాను, నాకెవ్వరూ అక్కర్లేదు' అన్నది. అప్పుడు నా దగ్గర మాటలు అయిపోయినయ్. మార్చిల నువ్వు చెప్పిన పాఠం గుర్తొచ్చింది, జంట నక్షత్రాలది."

"అది పరీక్షకి అక్కర్లేదు. నాకిష్టమని చెప్పాను అంతే."

"అదే చెప్పిన ఆమెకి. 'ఆకాశంలో కొన్ని నక్షత్రములు ఒంటరిగా కనిపించును. కానీ జాగ్రత్తగా చూచిన, అవి కొద్దిగా ఊగుచుండును. నక్షత్రము ఊరికే ఊగదు. మనకు కనబడనిది ఒకటి దాని పక్కన ఉండును. కావున...' అని ఆగిపోయిన."

"ఎందుకు?"

"కావున తర్వాత ఏం చెప్పాలెనో మర్చిపోయిన. అక్కడ నువ్వు ఒక సమీకరణం రాసినవ్ బోర్డు మీద. సమీకరణం నోటితోని ఎట్ల చెప్త?"

"మరేం చేశావు?"

"'కావున నువ్వు ఊగుచున్నావు' అన్న."

"ఆ పెద్దావిణ్ణా!"

"అవును ఆంటీ. నిజంగనే ఆమె కుర్చీల కొంచెం ఊగుతున్నది. అలవాటు కావచ్చు. పెన్ను కింద పెట్టి నా దిక్కు చూసింది. అయిపోయింది, నా పర్మిటూ అయిపోయింది, అనుకున్న. ఆమేమో 'ఆ బృందం ఏ రోజు కలుస్తుంది?' అని అడిగింది."

"ఒప్పుకుందా!"

"పరీక్ష కోసం ఒప్పుకుందో, నిజంగ ఒప్పుకుందో తెల్వదు ఆంటీ. లేచి పోతుంటే, 'ఫిజిక్సు ఏ యూనివర్సిటీలో చదివారు?' అనడిగింది."

"ఏం చెప్పావు?"

"బేస్‌మెంట్ల అని చెప్పిన."

"బేస్‌మెంట్ అనే మాట నేను నేర్పలేదే."

"నేర్పలే. వేలు కిందికి చూపించిన."

"ఈ పిల్లేవిటి, తల బల్లకానించేసింది!"

"కావ్యా? నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా?"

"నవ్వుతున్నాను."

"ఇందుకే కార్ల చెప్పలే. నాలుగు నెలలు నువ్వు ల్యాబు నుంచి వచ్చి, అలసిపోయి గూడ నాకు చెప్పినవ్. నేను పోయి ఈతకొలను లోతు అడిగొచ్చిన. నాకు ఇక్కడనే ఉండాలనున్నది కావ్యా. ఇక్కడికొచ్చి, గ్వెల్ఫు ఊళ్ళె చదివిన రోజుల నుంచి ఏదో ఒకటి అయిపోతది, అయిపోతది అని భయపడుకుంటనే బతుకుతున్న. ఒక్కసారి అయిపోని కాగితం చేతికొస్తే చాలు. రాకపోతే మాత్రం నీ తప్పు కాదు. అది ముందుగాల్నే చెప్దామనుకున్న, చెప్పేసిన."

"ఇంక తెరువు నాయనా. నా గుండె ఆగేలా ఉంది."

"చేతికి పచ్చడున్నది ఆంటీ. కావ్యా, నువ్వు తెరువు."

"నా వల్ల కాదు."

"ఇటివ్వండి, నేను తెరుస్తాను. నా కళ్ళజోడేదీ? ఆఁ, ఇదిగో. 'ప్రియమైన మహీధర్, మీ కారు ఇన్సూరెన్సు...'"

"అది కాదు ఆంటీ, దాని కిందది!"

"ఇదా? అంతా ఫ్రెంచిలో ఉంది. ఈ అంకెలేవిటి? మొదటిది ఏడు."

"అది వినడం. ఏడా? నిజంగా ఏడా?"

"రేడియోల వాతావరణం వచ్చింది కావ్యా. ఉష్ణోగ్రత, పీడనం, గాలి వేగం. నాకు పండగే అయ్యింది."

"తర్వాత ఎనిమిది. ఆ తర్వాత మళ్ళీ ఏడు."

"చదవడం, రాయడం. ఇంకొకటుంది ఆంటీ. ఆఖరిది చూడండి. మాట్లాడడం."

"ఆఖరిది... ఉండు, తెర ఆరిపోయింది."

"ఆంటీ!"

"అరవకు, నొక్కుతున్నాను. ఆఖరిది... తిరగేసి చూసినా తొమ్మిదిలాగే ఉంది."

"తిరగేస్తే ఆరైతది ఆంటీ! సరిగ్గ పట్టుకోండి!"

"సరిగ్గానే పట్టుకున్నానయ్యా! తొమ్మిదే! తొమ్మిది!"

"మహీ! తొమ్మిది! మాట్లాడడంలో తొమ్మిది!"

"ఈతకొలనుకి తొమ్మిదేసిన్రా?"

"ఆగకుండా మాట్లాడావు, ప్రతి వాక్యాన్నీ 'కావున'తో అతికించావు, ఆవిణ్ణి ఒప్పించావు. వాళ్ళకి కావలసింది అదే మహీ. నువ్వు ఉంటున్నావు. ఇక్కడే ఉంటున్నావు!"

"ఆంటీ, ఆ కుక్కర్ నేను ఇవ్వను."

"ఎవడడిగాడయ్యా! ఏమండీ, కిందికి రండి! అబ్బాయి గట్టెక్కాడు! అయ్యో, ఇప్పుడు నిజంగానే మాడింది అట్టు. మాడనీ. కావ్యా, ఇంక నీది చెప్పమ్మా. రత్నకుమారికి రెండూ కలిపి ఒకేసారి ఫోన్ చేస్తాను. శిష్యుడికే తొమ్మిదంటే గురువుగారికి పదా, పన్నెండా?"

"ఫోన్ చెయ్యకండి ఆంటీ."

"దిష్టి తగుల్తుందనా?"

"కాదు. మిగతావన్నీ బాగానే వచ్చాయి. మాట్లాడడంలో నాలుగొచ్చింది."

"నాలుగా! వాళ్ళు ఎవరిదో నీకు పంపి ఉంటారు. ఐదేళ్ళు అక్కడున్నదానికి నాలుగెలా వస్తుంది?"

"నాదే ఆంటీ. నాకు వంటల క్లాసు ప్రకటన వచ్చింది. హలో అన్నాను. ఆవిడా హలో అంది."

"తర్వాత?"

"తర్వాత ఏం లేదు. ఆవిడ చాలాసేపు చూసింది. మంచినీళ్ళు కూడా ఇచ్చింది. నేను నీళ్ళు తాగి, థాంక్స్ చెప్పి వచ్చేశాను."

"'ఒక వంటగది ఉన్నదనుకొనుము' అనాల్సింది కావ్యా! వంటల ఉష్ణోగ్రత ఉంటది, పీడనముంటది, కాలముంటది! నాకంటే నీకు వెయ్యింతలు వచ్చు!"

"అలా అనొచ్చని నాకు తెలీదు మహీ. అవన్నీ నేను బోర్డుకి చెప్పడమే అలవాటు. ఎదురుగా మనిషి కూర్చుని, జవాబు కోసం నా మొహంలోకి చూస్తుంటే నోరు పెగల్లేదు."

"గట్లెట్ల? నాతోని నాలుగు నెలలు గంటలు గంటలు మాట్లాడినవ్ కద ఫ్రెంచిల? జోకులు గూడ చెప్పినవ్. నేను చెప్తే నవ్వినవ్. అంత మంచిగ ఎట్ల మాట్లాడినవ్ మరి?"

"ఐదేళ్ళు అక్కడున్నాను మహీ. నేను ఫ్రెంచిలో ఏదన్నా అంటే, నాకు తిరిగి జవాబు చెప్పిన మొదటి మనిషివి నువ్వే."